తడి పేక

చీరాల గడియార స్తంభం దగ్గర మేడమీద ‘చౌడేశ్వరి కంప్యూటర్స్’ అని బోర్డు కనిపిస్తే అది నాదే. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ కంప్యూటర్ నేర్పుతున్నాను. పేరు నాగలింగేశ్వరరావు, పిల్లలకు లింగం సారుని. ఈ ఊళ్ళో ఏ ఆఫీసులో అడుగుపెట్టినా నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఒకరిద్దరు తగులుతారు. చేరినవాళ్ళకు మొదటిరోజే కొన్ని మాటలు చెప్పేవాణ్ణి. ముఖ్యమైనదేదీ సి-డ్రైవ్‌లో పెట్టొద్దు, సిస్టం చెడిపోయి ఫార్మాట్ కొడితే మొత్తం పోతుంది, డి-డ్రైవ్‌లో పెట్టుకోండి అనేవాణ్ణి. లేచేముందు సిస్టం ఆపండి అనేవాణ్ణి, దానికి గోడ మీద బోర్డు కూడా రాయించాను. అది ఏదైనా అడిగితే బెదిరిపోకండి, ఊరికే అడుగుతుంది, ఓకే కొట్టండి అని కూడా చెప్పేవాణ్ణి.

ఈ మూడు మాటలూ కలిసి మా చెల్లెల్ని రెండోసారి చంపాయి. దాని పేరే చౌడేశ్వరి. మొదటిసారి పోయినప్పుడు దానికి ఐదేళ్ళు, నాకు తొమ్మిది.

అమ్మ పేరు పున్నమ్మ. ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. చదువు రాదు, వేలిముద్రే. కానీ నూరో నంబరు నూలు అంత నున్నగా నేసే చెయ్యి చీరాల పక్కనే మా జాండ్రపేటలో ఇంకోటి లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. మా ఇంటి ముందుగదిలో గుంటమగ్గం ఉండేది. అమ్మ గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, చెల్లి పక్కన చిన్న పీటేసుకుని కూర్చుని, నీళ్ళగిన్నెలో తడిపిన కండెలు ఒక్కొక్కటీ అందిస్తూ ఉండేది. కండెలంటే పేకదారం చుట్టిన గొట్టాలు. సన్న నూలు కాబట్టి పేకని తడిపి నేయాలి, లేకపోతే గుడ్డ గట్టిగా రాదు.

ఆ రోజు జరిగింది ఇంతే. శ్రావణమాసం, పెళ్ళిచీర, వారంలోపు దించాలి. చెల్లికి పొద్దుట్నుంచీ ఒళ్ళు వెచ్చగా ఉంది. అయినా తన పీట వదల్లేదు. మధ్యాహ్నం అది అమ్మకేసి చూసి ఏదో అడిగింది. పేకదారంతో అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడులో అమ్మకు వినపడలేదు, పెదాలు కదలడం మాత్రం కనిపించింది. చెయ్యి ఆపకుండా “ఆఁ, సరే” అంది. చెల్లి తలూపి, లేచి లోపలికెళ్ళి పడుకుంది. గంటకి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రి మెట్లెక్కేలోపే పోయింది. మెదడువాపు అన్నారు. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటిముందు జనం ఉన్నారు.

నలభై నాలుగేళ్ళుగా అమ్మది ఒకటే మాట. “అదేమడిగిందో, నేను దేనికి సరే అన్నానో.” అన్నం కలుపుతూ చెయ్యి ఆపి అంటుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని అంటుంది. “పడుకుంటానని చెప్పి ఉంటుందిలేమ్మా” అని నేనెప్పుడైనా సర్దబోతే, “నువ్విన్నావా?” అని అడుగుతుంది. నాన్న బతికున్నంతకాలం ఆయన్నీ అదే అడిగింది.

ఆ చీర నాలుగు గజాల దగ్గర ఆగిపోయింది. నాన్న అక్కడికే కోసి దించాడు. అమ్మ దాన్ని అమ్మనివ్వలేదు, కట్టలేదు, ఒక్కసారైనా నీళ్ళలో పెట్టలేదు. ట్రంకుపెట్టెలో అట్టాగే ఉంచేసింది.

డాక్టర్ షంషాద్ మా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది కరపత్రం టైపు చేయించుకోవడానికి. గుంటూరు మనిషి, నలభై ఉంటాయి, ఒక యూనివర్సిటీలో ధ్వని మీద పరిశోధన చేస్తుంది. ‘పాత చేనేత గుడ్డలు కావలెను. ఒక్కసారి కూడా ఉతికి ఉండరాదు’ అని చెప్పింది. నాకు నవ్వొచ్చింది.

“ఉతకని బట్టలు ఎవరు దాచుకుంటారండీ?” అన్నాను టైపు చేస్తూనే.

“దొరకడం లేదు, అందుకే ఈ కాగితాలు” అంది ఆవిడ. “మీవాళ్ళు పేకని తడిపి నేస్తారు కదా. ఆ తడి దారం మగ్గం మీద ఆరేటప్పుడు, పక్కన ఎవరన్నా మాట్లాడితే ఆ అదురు దారంలో నిలిచిపోతుంది. కంటికి కనపడనంత వంకర. పడుగుకి పెట్టిన గంజి దాన్ని పట్టి ఉంచుతుంది. ఒక్క ఉతుకు పడితే పోతుంది.”

“నిలిచిపోతే ఏమవుతుంది?”

“చదవొచ్చు. పోగుపోగునా లాగి, ఆవిరి పట్టి, ఆ వంకరలన్నీ కొలిస్తే ఆ రోజు ఆ గదిలో మాట్లాడిన మాటలు బయటికొస్తాయి. మగ్గం చప్పుడు తాళంలా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి దాన్ని తీసెయ్యొచ్చు.”

ఫోన్ తీసి ఒకటి వినిపించింది. వాళ్ళ ల్యాబులో ఆరునెలల కింద నేయించిన తువ్వాలు అది. గరగరమనే చప్పుడు మధ్యలో ఎవరో మగమనిషి, “టీ చల్లారిపోతోందయ్యా, తాగవేంది” అన్నాడు.

“చదివిన గుడ్డ ఏమవుతుంది?” అని అడిగాను.

“దారమవుతుంది. ఆవిరికి పోగు నిటారుగా సాగిపోతుంది. రెండోసారి చదవడానికి అందులో ఏమీ ఉండదు. అది ముందే చెబుతానండీ అందరికీ.”

మధ్యాహ్నం అన్నం దగ్గర అమ్మకు చెప్పాను. గట్టిగా, ఎడమచెవి దగ్గరికి వంగి చెప్పాలి. కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమది కూడా దసరా దాటదని, ఆ తర్వాత చెవిమిషన్ పెట్టినా పనిచేయదని డాక్టరు ఉగాది నాడే చెప్పేశాడు.

అంతా విని, “గుడ్డ పోద్దా?” అంది.

“పోద్దమ్మా. దారమే మిగులుద్ది.”

“దాని మాట వినపడుద్దా?”

“వినపడుద్దంట.”

అమ్మ సగం అన్నంలో చెయ్యి కడుక్కుని వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ కొలతలు మామూలు కొలతలు కావు. ఒక గజం గుడ్డకే మా ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న కంప్యూటర్లన్నీ నిండిపోయేటన్ని అంకెలు వస్తాయి. ల్యాబువాళ్ళ పెద్ద కంప్యూటరు ఎనిమిది నెలల దాకా ఖాళీ లేదు. ఎనిమిది నెలలంటే అమ్మ చెవి దాటిపోతుంది. “క్లౌడ్‌లో సొంతంగా ఒక మెషీన్ పెట్టుకుంటే రీడర్‌ని మీ ఇంటికే తెస్తాను, లెక్కగట్టే ప్రోగ్రాం ఇస్తాను. మెషీన్ పెట్టడానికి మా ఇంజనీరుని పంపించమంటారా?” అంది షంషాద్.

పంపమని ఉంటే ఈ కథ లేదు. “ఇరవై ఆరేళ్ళుగా నేను చేసేది ఇదేనండీ” అన్నాను. అబద్ధం. క్లౌడ్ గురించి నాకు తెలిసింది ఒక వీడియోలో చూసినంత. కానీ నాకు తెలియదు అనే మాట నా నోట్లోంచి రాదు. లింగం సారు గదా.

మర్నాడు పొద్దున అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మొదలెట్టాను. తెర మీద మెషీన్‌కి పేరడిగింది, చౌడేశ్వరి అని కొట్టాను. ఎక్కడ కావాలంది, ముంబై అన్నాను. మెమరీ ఎంత, ప్రాసెసర్లు ఎన్ని, పాస్‌వర్డ్ ఏంటి అని అది అడుగుతూ ఉంటే పెళ్ళిళ్ళ పేరయ్యలా టకటకా చెప్పేశాను. అర్థంకాని పేజీలు రెండొచ్చాయి. అవి కిందికి జరిపి ‘క్రియేట్’ నొక్కాను. నాలుగు నిమిషాలు చక్రం తిరిగి, మెషీన్ తయారు అని పచ్చటి గుర్తు వచ్చింది.

“ఏదిరా?” అంది అమ్మ, బల్లకిందకి వంగి చూస్తూ.

“ఇక్కడుండదమ్మా. బొంబాయిలో పెద్ద షెడ్డుంటుంది. దాన్నిండా కంప్యూటర్లే. వాటిల్లో ఒక పెద్దదాంట్లోంచి కాస్త వాటా మనకిస్తారు. మనకది ఒక కంప్యూటర్ లాగే కనపడుద్ది, విడిగా కంప్యూటరంటూ ఏమీ ఉండదు.”

అమ్మ తలెత్తి తెరకేసి చూసింది. “షెడ్డుమగ్గం అన్నమాట. నేసినంతసేపే మనది.”

“అంతే.”

“అయితే మనవేమీ దాని మీద వదిలి రాబాక. మీ నాన్న షావుకారు షెడ్డులో నేసేటప్పుడు పొద్దుగూకితే నాడె, కండెలు, ఆఖరికి మంచినీళ్ళ చెంబు గూడా ఇంటికి తెచ్చుకునేవాడు. మనం లేస్తే ఇంకోడు వచ్చి కూచుంటాడు నాయనా.”

నేను నవ్వాను. వేలిముద్ర మనిషి నాకు క్లౌడ్ గురించి చెబుతోందని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేను పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మెషీన్ లోపలికెళ్ళి చూస్తే అక్కడా సి-డ్రైవ్, డి-డ్రైవ్ ఉన్నాయి. సొంతూరి మనుషులు కనిపించినట్టయింది. డి-డ్రైవ్ ఎంతో పెద్దది, ఖాళీగా ఉంది. ఏదో ఒక చిన్న ఫైలు మాత్రం ముందే పడి ఉంది, పేరంతా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. చెత్తనుకుని తీసేశాను. అక్కడే ఫోల్డర్ చేసి, షంషాద్ ప్రోగ్రాంకి అదే దారి చూపించాను. రీడర్ నుంచి వచ్చేవీ, లెక్కగట్టాక వచ్చేవీ అన్నీ అక్కడికే.

రీడర్ కుట్టుమిషన్ అంత ఉంటుంది. ముందుగదిలో, ఒకప్పటి మగ్గం గుంట మీద పరిచిన చెక్కల మీద దాన్ని పెట్టాం. పోగులు లాగడానికి ల్యాబు నుంచి మనిషి వస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. “నేసింది నేను. నేనే ఇప్పుతా” అంది. ఏ కొస నుంచి మొదలుపెడతారని షంషాద్ అడిగింది, ఎటునుంచైనా ఒకటేనంది. చివరి కొస నుంచి మొదలెడితే చెల్లి ఆఖరి మాటలు మొదటి రోజే వస్తాయని నాకు తట్టి, అమ్మకు చెప్పాను కూడా.

“ఎవురి మాటైనా మొదట్నించి ఇంటారుగాని చివర్నించి ఇంటారా?” అంది అమ్మ. “అది ఆ చీర మీద పదైదు రోజులు నా పక్కన కూచుంది. అన్నీ ఇని, ఆఖరికి అదేందో ఇంటా.”

నాకూ అదే న్యాయమనిపించింది.

తొమ్మిది రోజులు పట్టింది. ఎనిమిదివేల పైచిలుకు పోగులు. పొద్దున్నే కాఫీ తాగి కూర్చునేది అమ్మ. సూదిమొనతో పోగు పైకి లేపి, రీడర్ నోటికి అందించేది. అది బుస్సుమని ఆవిరి వదిలి, దారాన్ని మెల్లగా లాక్కుని రెండోపక్క గొట్టానికి చుట్టేది. మామిడిపండు రంగు నూలు. గజం గజం చొప్పున చీర తరిగిపోతుంటే గొట్టాలు పెరుగుతున్నాయి. నేను పొద్దున రెండు క్లాసులు చెప్పి పరిగెత్తుకుంటూ వచ్చేవాణ్ణి. వచ్చేసరికి అమ్మ చీరతో మాట్లాడుతూ ఉండేది. “ఇదుగో ఈడ అచ్చు తప్పింది, అప్పుడు నువ్వు నీళ్ళగిన్నె తన్నేశావు” అని ఒకరోజు. “ఈ కాడ నాకు జరమొచ్చి నాన్న నేశాడు, చూడు ఎంత వదులో” అని ఇంకోరోజు.

రెండోరోజు మధ్యాహ్నం, మచ్చుకి ఒక జానెడు గుడ్డ మాత్రం లెక్కగట్టించి, డి-డ్రైవ్ నుంచే స్పీకర్లో పెట్టాను. అమ్మ ఎడమచెవి స్పీకర్‌కి ఆనించింది. గరగర. దూరంగా ఎవరో ఉప్పు ఉప్పు అని అరుస్తూ వెళ్ళడం. తర్వాత, దగ్గరగా, ముక్కుతో పలికే సన్నటి గొంతు కండెలు లెక్కపెడుతోంది.

“లాభం. రెండు. మూడు. ఐదు. ఆరు.”

మా ఇంట్లో ఒకటి అనరు, లాభం అని మొదలెడతారు. దానికి నాలుగు ఎప్పుడూ వచ్చేది కాదు. నాకా సంగతే గుర్తులేదు. గొంతు కూడా గుర్తులేదని అప్పుడే తెలిసింది నాకు. విన్న తర్వాత మాత్రం ఒళ్ళంతా తెలిసిపోయింది.

అమ్మ స్పీకర్‌ని రెండుచేతులా పట్టుకుని కూర్చుంది. “నాలుగు మింగేసింది దొంగముండ” అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మళ్ళీ పెట్టమంది. పదకొండుసార్లు పెట్టాను.

ఆ తర్వాత నాతో ఒట్టు వేయించుకుంది. “మిగతాది నేను లేకుండా నువ్వినబాక. ఇద్దరం కలిసే ఇనాలి. ఆ ఆఖరిది అసలే వద్దు.”

“వినను” అన్నాను, చేతిలో చెయ్యేసి.

పోగులన్నీ అయిపోయాక మెషీన్ ఇంకో మూడురోజులు లెక్కలు కట్టింది. పన్నెండోరోజు, బుధవారం, పొద్దున పదకొండున్నరకి ఇన్‌స్టిట్యూట్‌లో తెర తెరిస్తే ‘పూర్తయింది’ అని ఉంది. ఫోల్డర్లో నలభై ఒక్క ఫైళ్ళు వరసగా కూర్చుని ఉన్నాయి. నలభై ఒకటోది, చీర మీద పడిన ఆఖరి మాటలున్నది, మూడు నిమిషాలది. మౌస్ దాని మీద పెట్టాను. ఒక్క నొక్కు. నలభై నాలుగేళ్ళ ప్రశ్నకి జవాబు నా చూపుడువేలి కింద ఉంది. ఒట్టు గుర్తొచ్చి చెయ్యి తీసేశాను.

సాయంత్రం నాలుగింటికి షంషాద్ మంచి స్పీకరు తీసుకుని గుంటూరు నుంచి వస్తానంది. అమ్మకు ఫోన్ చేస్తే వినపడదు కాబట్టి నేనే వెళ్ళి చెప్పాలి. క్లాసు ముగించాను. పిల్లల సిస్టాలన్నీ ఆగాయో లేదో చూశాను, ఫ్యాన్లు కట్టేశాను. నా తెర మీద చౌడేశ్వరి ఇంకా నడుస్తోంది. పని అయిపోయిన మెషీన్‌ని ఊరికే తిరగనివ్వడం నా చేతికి రాదు. ‘స్టాప్’ నొక్కాను. ఒక పెట్టె తెరుచుకుని ఇంగ్లీషులో నాలుగు లైన్లు ఏదో అడిగింది. అప్పటికే నా మనసు ఇంటికెళ్ళిపోయింది. ఓకే కొట్టాను. తాళం వేసుకుని, దారిలో అమ్మకి కనకాంబరాలు కూడా కొన్నాను.

అమ్మ తలస్నానం చేసి, పెట్టుబడి చీర కట్టుకుని, ఎడమచెవి స్పీకర్ వైపుకు తిప్పుకుని కూర్చుంది. షంషాద్ తీగలు తగిలించింది. నేను ల్యాప్‌టాప్ తెరిచి మెషీన్ మళ్ళీ వేశాను. రెండు నిమిషాల్లో లేచింది. డి-డ్రైవ్ తెరిచాను.

ఫోల్డర్ లేదు. ఒక్క చిన్న ఫైలుంది. పేరంతా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. మొదటిరోజు నేను తీసేసినదే, దానంతటది మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారి తెరిచి చదివాను. ఇది తాత్కాలిక డ్రైవ్, మెషీన్ ఆపితే ఇందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, మళ్ళీ తేవడం కుదరదు, దాచుకోవలసినవేవీ ఇక్కడ పెట్టకండి అని ఉంది. సి-డ్రైవ్ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. అక్కడ నేనేమీ పెట్టలేదు.

“పెట్టరా” అంది అమ్మ.

షంషాద్ తెరకేసి చూసింది, నా ముఖం చూసింది. ఆవిడకి అర్థమైపోయింది.

“ఇంకా అవుతోందమ్మా” అన్నాను అమ్మ చెవిలో. “ఇంకా కొన్నాళ్ళు పట్టుద్దంట.”

“అట్టాగా” అని అమ్మ జడలో పూలు సర్దుకుంది.

వీధరుగు మీదకి వచ్చాక షంషాద్ మెల్లగా అడిగింది. “కాపీ ఎక్కడన్నా?”

“లేదు.”

“మచ్చు ఫైలు? లెక్కపెట్టినది?”

“అదీ అందులోనే. మీ రీడర్‌లో ఏమన్నా?”

“రీడర్‌లో ఏదీ నిలవదండీ.” ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. “దారంలోనూ లేదు. మా ఇంజనీరుని పంపాల్సింది. మీరొద్దన్నా పంపాల్సింది.”

క్లౌడ్ కంపెనీకి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. “ఆపేముందు మీకు తెర మీద హెచ్చరిక వచ్చి ఉంటుంది సార్.” వచ్చిందన్నాను. “మీరు ఒప్పుకున్నారు సార్.” ఒప్పుకున్నానన్నాను. ఆ అమ్మాయి తప్పేముంది. నాకు దాన్ని తిట్టాలనిపించింది, ఫోన్ పెట్టేశాను.

షంషాద్ బస్సెక్కుతూ, “ఇవాళే చెప్పెయ్యండి లింగంగారూ. ఇంకా కాస్త వినపడుతోంది ఆమెకి” అంది.

నేను చెప్పలేదు. పిరికి వెధవని. పొద్దున్నే కాఫీ గ్లాసుతో అమ్మ అడిగేది, “ఇయ్యాలన్నా అవుద్దా?” అని. “రేపు” అనేవాణ్ణి. సున్నితంగా ఒక అబద్ధం అల్లి చెప్పేద్దామని కూడా కూర్చున్నాను. విన్నానమ్మా, చెల్లి ఇట్టా అడిగింది అని. కానీ ఏమడిగిందని చెప్పను? నీళ్ళడిగిందంటే అమ్మ ఆ పూటే చచ్చిపోతుంది. పడుకుంటానందని చెబితే నా కళ్ళలోకి చూసి “నువ్విన్నావా?” అంటుంది. ఒట్టు తప్పావా అంటుంది. ఐదేళ్ళ పిల్ల నోట్లో నేను ఏ మాట పెట్టినా అది దానిది కాదు. నేను వినలేదు. వేలి కింద ఉండగా వినలేదు.

భాద్రపదం వెళ్ళీ వెళ్ళకముందే, ఒకరోజు పొద్దున పొయ్యి మీద కుక్కరు అరిచి అరిచి ఊరుకుంది. అమ్మ దాని పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. నేను పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేశాను. “ఏందిరా, ఇంకా కూత రాలేదుగా” అంది. నేను ఎడమచెవి దగ్గర వంగి అమ్మా అని అరిచాను. అమ్మ నా ఊపిరి తగిలి చెవి తుడుచుకుంది. అంతే. దసరాకి ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ తర్వాత అమ్మ అడగడం మానేసింది. కాగితం మీద రాసిస్తే చదవలేదు. చేతులూపి ఏ సంగతని చెప్పను. మూడోరోజు గుంట మీద చెక్కలు తీయించమని సైగ చేసింది. పదేళ్ళుగా కప్పెట్టిన గుంట. దుమ్ము దులిపించి, పాత మగ్గం దింపించి, చేనేత సొసైటీ నుంచి పడుగు తెప్పించి ఎక్కించింది. నాకేమీ అర్థంకాలేదు. మామిడిపండు రంగు గొట్టాలు తెచ్చి నా ముందు పెట్టి, “కండెలకి చుట్టు” అంది, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియక. “అది అందిచ్చిన పేక. ఊరికే పడుండటం ఎందుకు. ఈసారి పూర్తి చేస్తా.”

చెల్లి పీట అటక మీద దొరికింది. యాభై మూడేళ్ళ మనిషిని, దాని మీద సగమే ఆనతాను. అయినా కూర్చున్నాను. నీళ్ళగిన్నె పక్కన పెట్టుకుని, కండె తడిపి అందించాను. నాడె అటూ ఇటూ పరిగెత్తింది. చెవులతో పనేముంది, అమ్మ కాళ్ళకీ చేతులకీ అంతా గుర్తుంది. పేకని బిగించే పలక కొట్టినప్పుడల్లా గుంటలోంచి నా పీట దాకా అదురు వచ్చింది.

“లాభం” అన్నాను రెండో కండె తడుపుతూ. నాకు తెలియకుండానే వచ్చింది. “రెండు. మూడు. ఐదు.”

గది మొత్తానికి వినేవాళ్ళు ఎవరూ లేరు. తడి పేక మాత్రం ఉంది. అదైనా వింటుందనుకుని, చీరాల్లో ఎవరికీ చెప్పనిది అమ్మకు చెప్పాను. “అమ్మా, నేనే పోగొట్టాను. నువ్వు చెప్పావు, షెడ్డు మగ్గం మీద ఏదీ వదిలి రావద్దని. నేను వదిలి వచ్చాను. అది అడిగింది, ఆపమంటావా, ఆపితే అంతా పోద్ది, సరేనా అని. నేను చదవలేదమ్మా. చదవకుండా సరే అన్నాను. చెల్లి నిన్నేమడిగిందో ఇంక ఎవరికీ తెలీదు. నన్ను ఏమన్నా అను.”

అమ్మ చెయ్యి ఆగలేదు. ఒక్కసారి తలెత్తి, కదులుతున్న నా పెదాల వంక చూసింది.

“ఆఁ, సరే” అంది.

నేను తలూపి, ఇంకో కండె తడిపి అందించాను.